గూని పట్టిన ఫంగస్ పిల్ల: ఒక వేసవి కేసు

మే నెల ఆఖరి వారంలో కైకలూరు పక్క ఊరి నుంచి ఒక ఆసామి ఫోన్ చేశారు. ట్యాంకుల్లో పెంచుతున్న ఫంగస్ పిల్ల మేత సరిగా ఎత్తడం లేదని, రోజుకు ముప్పై నలభై చనిపోతున్నాయని, కొన్నిటికి రెక్కల మొదట్లో ఎర్రగా ఉందని చెప్పారు. పంగాసియస్ అనే చేపను మా వైపు అందరూ ఫంగస్ అనే అంటారు, నేనూ ఇక్కడ అదే మాట వాడతాను. ఎండలు మండిపోతున్న రోజులు, బోరు నీళ్లు, కిక్కిరిసిన పిల్ల. ఫోన్లోనే నీళ్లలో అమ్మోనియా పేరుకుందని తేల్చేసి, మేత సగానికి తగ్గించమన్నాను, రోజూ మూడో వంతు నీళ్లు మార్చి కాస్త ఉప్పు వెయ్యమన్నాను. వెళ్లి చూడకుండా ఆ సలహా ఇవ్వడం నా తప్పు. ఆరు రోజులు దండగయ్యాయి. అసలే చాలీచాలని పోషణతో ఉన్న పిల్లకు ఉన్న మేత కూడా సగమైంది.

ఏడో రోజు మళ్లీ ఫోన్. "డాక్టరు గారూ, పిల్లకి నడుములు విరిగిపోతున్నాయండీ. విత్తనమే మంచిది కాదండీ. బెంగాలు నుంచి పిల్ల తెచ్చినాయనకి ఇంకా సగం డబ్బు ఇవ్వాలి. నేనివ్వను. మీరొచ్చి చూసి కాయితం మీద రాసివ్వండి."

ఒకరి డబ్బు ఆగిపోయే సంగతి. ఆ పూటే బయల్దేరాను.

అక్కడి అమరిక ముందు చెప్పాలి, కేసంతా దాని మీదే నడిచింది. డెల్టా కాలువలు వేసవిలో కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా చెరువులు నింపుకోవడం కుదరదు. అందుకని ఈ ఆసామి మార్చి రెండో వారంలో మూడంగుళాల పిల్ల యాభై వేలు తెప్పించి, నీళ్లున్న ఒక్క మూడెకరాల చెరువులో ఇరవై వేలు వదిలారు. మిగతా ముప్పై వేలను ఇరవై అయిదు అడుగుల వ్యాసం ఉన్న ఆరు టార్పాలిన్ ట్యాంకుల్లో, ట్యాంకుకు అయిదు వేల చొప్పున వేశారు. పైన నీడ వల, లోపల గాలి గొట్టాలు. కాలువ నీళ్లు వచ్చాక పెద్ద పిల్లను ఒకేసారి చెరువుల్లోకి దింపొచ్చని లెక్క. మంచి లెక్కే. మేత కూడా ముందుచూపుతోనే ఫిబ్రవరి మొదట్లో ఒకేసారి మూడు టన్నులు కొన్నారు, ఎక్కువ తీసుకుంటే ధర తగ్గించారని. రేకుల షెడ్డులో గోడ వారగా పేర్చారు.

మొదటి ట్యాంకులో జల్లెడ వలతో అరవై పిల్లను తీసి తెల్లటి పళ్లెంలో పోశాను. పద్నాలుగు వంకర. కొన్నిటికి పై నుంచి చూస్తే ఒళ్లు పాము మెలికలా పక్కకు తిరిగింది. కొన్నిటికి పక్క నుంచి చూస్తే నడుము లోపలికి దిగబడింది. వంగిన చోట చర్మం మీద నిలువుగా రంగు వెలిసిన పట్టీ ఉంది. ఫంగస్ పిల్ల ఒంటి మీద అడ్డంగా సాగే నల్ల చారలను ఆ తెల్ల పట్టీ మధ్యలో కోసినట్టు కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేం. కొన్నిటికి మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు బయటికి కనిపిస్తోంది. ఎనిమిది గ్రాముల పిల్ల పదకొండు వారాలు తిని సగటున ఇరవై రెండు గ్రాముల దగ్గరే ఆగింది.

మిగతా ట్యాంకులూ అలాగే చూశాను. అరవైకి రెండో దాంట్లో పదిహేడు, మూడో దాంట్లో పన్నెండు, నాలుగో దాంట్లో పంతొమ్మిది, ఆరో దాంట్లో పదిహేను. అయిదో ట్యాంకులో మూడే మూడు.

అయిదో ట్యాంకు నీళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. అక్కడ పనిచేసే పెద్దాయన కాస్త బెరుగ్గా చెప్పాడు. "ఏప్రిల్లో గాలివానకి పైన వల చిరిగిపోయిందండీ. ఎండ పడి పాచి పట్టేసింది. రేపు మొత్తం తోడేసి కడిగేద్దామనుకుంటన్నానండీ." చేతులెత్తి ఆపాను. అప్పటికి నాకు కారణం పూర్తిగా తెలియదు. కానీ ఆరింటిలో ఆరోగ్యంగా ఉన్న ఒక్క ట్యాంకును మిగతావాటిలా మార్చేస్తే ఆధారం చేజారిపోతుంది.

తర్వాత చెరువులో విసురు వల వేయించాను. అదే బండిలో, అదే రోజు వచ్చిన పిల్ల. అదే మేత తింటోంది. నూట పదింటిని చేత్తో తడిమి చూశాను, ఒక్కదానికీ వెన్ను వంకర లేదు. సగటు బరువు అరవై గ్రాములు దాటింది. విత్తనం మీద అనుమానం అక్కడితో తీరిపోయింది. పుట్టుకతో వచ్చిన లోపమైతే చెరువులో దిగిన పిల్ల దాన్ని తప్పించుకోలేదు.

అయినా మిగతా అనుమానాలు వదలకూడదు. వెన్ను వంకర అనగానే విటమిన్ అనేవాళ్లు ఉన్నారు, అది కూడా నా ఫోన్ సలహా లాంటి తొందరే. కరెంటు షాకు తగిలితే కండరాలు ఒక్కసారిగా బిగిసి చేప వెన్ను విరుగుతుంది. గాలి మోటార్ల వైర్లన్నీ మీటరు పెట్టి చూపించాం, లీకు లేదు. పైగా షాకు దెబ్బ ఒక్క రోజులో పడుతుంది, ఇక్కడ మూడు వారాలుగా ఒక్కొక్కటీ వంగుతూ వచ్చాయి. పేను మందుగా వాడే కొన్ని పురుగు మందులు కూడా పిల్ల వెన్నును వంచుతాయి. ట్యాంకుల్లో అవేవీ వాడలేదని పెద్దాయన ఒట్టేసి చెప్పాడు, ఖాళీ డబ్బాలూ కనిపించలేదు. భాస్వరం లోపిస్తే ఎముక మెత్తబడుతుంది, కొన్ని చేపలకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం చాలకపోయినా వెన్ను తిరుగుతుంది. చెరువు పిల్లకూ అదే మేత కదా అని ఈ రెండిటినీ పూర్తిగా కొట్టిపారేయలేను, చెరువులో వేరే తిండి దొరుకుతుంది. కానీ మొప్పలు చూశాక నా మొగ్గు మారింది.

పది పిల్లను ఐసులో పెట్టి తెచ్చుకున్నాను. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో కుక్కపిల్లలకు వాడే సెట్టింగు మీద ఎక్స్‌రే తీశారు. నడుము మధ్యలో రెండు మూడు పూసలు నలిగి ఒకదాని మీదికి ఒకటి జరిగాయి. కోసి చూస్తే ఆ చోట చుట్టూ కండలో రక్తం గడ్డకట్టి ఉంది. సూక్ష్మదర్శిని కింద మొప్ప పోగుల లోపలి మృదులాస్థి తిన్నగా లేదు, తడిసిన గడ్డిపోచలా మెలి తిరిగింది. పాంటోథెనిక్ ఆమ్లం లోపిస్తే కూడా మొప్పలు చెడతాయి, కానీ అప్పుడు పోగుల కొనలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇక్కడ పోగులు విడివిడిగానే ఉన్నాయి, లోపలి ఆధారమే వంకర పోయింది. ఎముక, మృదులాస్థి, చర్మం, రక్తనాళాల గోడ ఒకేసారి బలహీనపడ్డాయంటే ఈ అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పదార్థం కొల్లాజెన్. కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే విటమిన్ సీ కావాలి. ప్రోలిన్, లైసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలకు హైడ్రాక్సిల్ గుంపులు తగిలించే ఎంజైములు అది లేకపోతే ఆగిపోతాయి. ఎముక పైకి పెరుగుతూనే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. పిల్ల మేత కోసం ఒక్కసారి గట్టిగా తోక విసిరితే చాలు, పూస జారుతుంది.

ఆవు, కోడి తమ ఒంట్లోనే విటమిన్ సీ తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు, మనం పెంచే చేపలూ చేసుకోలేవు. చివరి మెట్టు ఎంజైము వాటికి లేదు. కోళ్ల మేత అనుభవం నుంచి చేపల మేతలోకి వచ్చినవాళ్లు ఈ తేడాను చిన్నదిగా చూడటం నేను చాలాసార్లు గమనించాను. కోడికి మర్చిపోయినా సరిపోయే విటమిన్ చేపకు మర్చిపోతే ఇలా వెన్ను మీద తేలుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. అమెరికాలో ఛానల్ క్యాట్‌ఫిష్‌ను బోనుల్లో కిక్కిరిసి పెంచడం మొదలుపెట్టినప్పుడు ఇదే గూని కనిపించింది. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం నుంచి లవెల్ 1973లో, బోనుల్లో పెరిగే ఆ చేపలకు మేతలో విటమిన్ సీ తప్పనిసరి అని చూపించారు. బోనులో చేపకు మనం వేసిన గుళిక తప్ప వేరే దిక్కు లేదు. మన టార్పాలిన్ ట్యాంకూ అంతే. చెరువులో అలా కాదు. పచ్చటి నీళ్లలో పాచి, దాన్ని తినే సూక్ష్మజీవులు, వాటిని మింగే చిన్న పురుగులు, వీటన్నిటిలో విటమిన్ సీ ఉంటుంది. కొల్లేరు చుట్టూ ఇన్నేళ్లుగా శీలావతి, బొచ్చెలను డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు సంచులు కట్టి పెంచాం. ఆ తవుడులో బి విటమిన్లు కొన్ని ఉన్నా విటమిన్ సీ లేదు. అయినా మన శీలావతికి గూని రాలేదంటే ఆ లోటును నీటి రంగే తీర్చింది. చెరువు చేసిన ఆ సాయాన్ని మనం మేత గొప్పతనమనుకున్నాం. ఇప్పుడు చేపను చెరువులోంచి తీసి ట్యాంకులో, బోనులో, సూక్ష్మజీవులతో నీటిని శుభ్రంగా ఉంచే బయోఫ్లాక్ తొట్టిలో పెడుతున్నాం, అదే మేత చాలుతుందని నమ్ముతున్నాం. వల చిరిగి పాచి పట్టిన ఆ అయిదో ట్యాంకు ఈ తేడానే నా కళ్ల ముందు పెట్టింది.

మరి మేతలో విటమిన్ సీ వెయ్యలేదా? సంచి మీద విటమిన్లు, ఖనిజాలు కలిపినది అని ఉంది, అంకె లేదు. మిల్లుకు ఫోన్ చేస్తే టన్నుకు మూడు వందల గ్రాములు కలుపుతామని మర్యాదగానే చెప్పారు. అంటే కిలోకు మూడు వందల మిల్లీగ్రాములు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2011లో వెలువరించిన పట్టికలో కిలో మేతకు కావలసినది ఛానల్ క్యాట్‌ఫిష్‌కు 15, తిలాపియాకు 20, బంగారుతీగకు 45 మిల్లీగ్రాములు. ఫంగస్ కూడా మీసాల చేపే కాబట్టి ఛానల్ క్యాట్‌ఫిష్ అంకెనే నేను ఆనవాలుగా పెట్టుకుంటాను. ఆ లెక్కన మూడు వందలు అంటే ఇరవై రెట్లు. కాగితం మీద ఎక్కడా లోటు లేదు.

మూడు నమూనాలు పరీక్షకు పంపాను. షెడ్డులో ఇంకా కుట్టు విప్పని సంచి నుంచి ఒకటి, ట్యాంకు పక్కన మూతి తెరిచి వాడుతున్న సంచి నుంచి ఒకటి, అదే మిల్లులో పన్నెండు రోజుల కిందట తయారైన కొత్త సంచి నుంచి ఒకటి. కొత్త దాంట్లో కిలోకు 138 మిల్లీగ్రాములు. షెడ్డు సంచిలో 8. తెరిచిన సంచిలో యంత్రం పట్టుకోలేనంత తక్కువ.

మూడు వందలు ఎక్కడెక్కడ కరిగిపోయాయో ఈ అంకెలే చెబుతాయి. మిల్లు వాడింది మామూలు స్ఫటిక రూపం ఆస్కార్బిక్ ఆమ్లం, చవకది. తేలే మేత కోసం పిండిని ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో రంధ్రాల్లోంచి నెట్టి, ఆరబెడతారు. వేడి, తేమ, గాలి, ఖనిజ మిశ్రమంలోని రాగి, ఇనుము అన్నీ కలిసి అక్కడే సగానికి పైగా తినేశాయి. మిగిలింది రేకుల షెడ్డులో పోయింది. నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం రెండింటికి సంచుల మధ్య థర్మామీటరు పెడితే 43 డిగ్రీలు చూపించింది. సంచి మూతి కుట్టులోని చీటీ మీద తయారీ జనవరి అని, మూడు నెలల్లో వాడమని స్పష్టంగా ఉంది. పిల్ల దిగేనాటికే మేతకు రెండు నెలలు నిండాయి. తెచ్చిన పిల్ల ఒంట్లో ఉన్న కొద్దిపాటి నిల్వతో కొన్ని వారాలు నెట్టుకొచ్చింది. అది అయిపోయాక వెన్ను వంగింది. ఎదిగే పిల్లలో ఈ లోపం బయటపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ కాలం ఇక్కడ సరిగ్గా సరిపోయింది.

మా రైతులు మేత కొనేటప్పుడు ప్రోటీన్ శాతం అడుగుతారు, గ్లాసు నీళ్లలో వేసి ఎంతసేపు తేలుతుందో చూస్తారు, వాసన చూస్తారు. ఈ మేతకు కనరు వాసన లేదు, బూజు లేదు, చక్కగా తేలింది. ఇరవై ఎనిమిది ప్రోటీనూ ఉంది. విటమిన్ సీ పోయిన మేత కంటికీ ముక్కుకీ మంచి మేతలాగే ఉంటుంది. అందుకే చీటీ మీద తేదీ చూడమని నేను అందరి వెంటా పడతాను.

చికిత్స విషయం. ఆసామి మొదట అడిగింది ఉసిరికాయ పొడి. నిమ్మరసం పిండి కలపొచ్చా అని పెద్దాయన. ఇద్దరివీ మంచి ప్రశ్నలే, ఉసిరిలో విటమిన్ సీ దండిగా ఉంటుంది. కానీ బజారులో దొరికే ఎండు పొడిలో ఎంత మిగిలిందో చూడకుండా మోతాదు చెప్పలేను. నిమ్మరసమైతే గుళిక నీళ్లలో పడిన కాసేపటికే కడుక్కుపోతుంది. ఇదే కారణంతో మామూలు విటమిన్ సీ పొడిని చెరువు నీళ్లలో చల్లించడాన్ని కూడా నేను ఒప్పుకోను. ఆ డబ్బు చేప కడుపులోకి వెళ్లదు.

వాడింది ఫాస్ఫేటుతో కట్టిన విటమిన్ సీ. ఫాస్ఫేటు తొడుగు ఉన్నంతవరకు గాలి, వేడి దాన్ని అంతగా తాకవు. చేప పేగులోని ఎంజైములు ఆ తొడుగు విప్పి లోపలిదాన్ని తీసుకుంటాయి. మాకు దొరికిన రకంలో అసలు విటమిన్ 35 శాతం. కొత్త మేత వచ్చేదాకా ట్యాంకు దగ్గరే పట్టించాం. కిలో మేతకు ఒక గ్రాము పొడి, అంటే 350 మిల్లీగ్రాముల విటమిన్. పొడిని ముప్పై మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి గుళికల మీద జల్లి, నీడలో ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, పైన పది మిల్లీలీటర్ల చేప నూనె పట్టించాం. ఏ పూటకాపూట కలిపిందే వేశాం. అవసరం 15 అయితే 350 ఎందుకని ఆసామి నిలదీశారు. ఆ 15 ఆరోగ్యంగా ఉన్న చేప ఎదగడానికి చాలేది. దెబ్బతిన్న కణజాలం మానడానికి, ఖాళీ అయిన నిల్వ నిండడానికి ఎక్కువ కావాలి. నీళ్లలో కొంత కడుక్కుపోయేది కూడా లెక్క వేసుకోవాలి. తొమ్మిది రోజులకు మిల్లు వాళ్లు మా కోసం విడిగా చేసిన మేత వచ్చింది. కిలోకు 200 మిల్లీగ్రాములు ఉండేలా టన్నుకు ఆ పొడి 570 గ్రాములు వేశారు, అదనపు ఖర్చు ఆసామి భరించారు. మేత సగం చెయ్యమన్న నా పాత సలహాను మొదటి రోజే వెనక్కి తీసుకున్నాను. రెక్కల ఎరుపుకు యాంటీబయాటిక్ వాడమని ఇద్దరు ముగ్గురు ఒత్తిడి చేశారు, వాడలేదు.

మేత ఎత్తడం పదో రోజుకు మెరుగైంది. మూడో వారానికి ఆరు ట్యాంకుల్లో కలిపి రోజుకు అయిదు కూడా చనిపోలేదు. రెక్కల మొదట్లో ఎరుపు దానంతట అదే పోయింది. వంగిన వెన్ను మాత్రం మళ్లీ తిన్నగా కాలేదు, కాదు కూడా. మందు అమ్మేవాళ్లు అలా అవుతుందని చెబితే నమ్మొద్దు. కొత్తగా వంగడం ఆగిందో లేదో తెలియాలి కాబట్టి, చికిత్స మొదలైన రోజే నాలుగో ట్యాంకులో చిన్న హాపా, అంటే సన్న వలతో కుట్టిన పెట్టె, కట్టి, తిన్నగా ఉన్న రెండు వందల పిల్లను ఏరి అందులో వేశాను. నాలుగు వారాల తర్వాత లెక్కిస్తే వంకర పోయినవి రెండు. ఆ రెండూ చికిత్స మొదట్లోనే లోపల దెబ్బతిని ఉంటాయని నా అంచనా. ఒక ట్యాంకును పాత మేత మీదే ఉంచి పోల్చి ఉంటే రుజువు ఇంకా గట్టిగా ఉండేదని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమే. కానీ ఆ పిల్ల ఆసామి పెట్టుబడి. వంగుతుందని తెలిసీ అయిదు వేల పిల్లను వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆసామికి రాసిచ్చిన కాయితంలో మూడు వాక్యాలే ఉన్నాయి. విత్తనంలో లోపం కనిపించలేదు. మేతలో విటమిన్ సీ నశించిపోయింది. నశించడానికి వాడిన రూపం, నిల్వ ఉంచిన కాలం, వేడి, మూడూ కారణమే. చదివి చాలాసేపు ఏమీ అనలేదు ఆయన. తర్వాత పిల్ల తెచ్చినాయనకు ఫోన్ చేసి, మిగతా డబ్బు పట్టుకెళ్లమన్నారు.

కాలువ నీళ్లు జులైలో వచ్చాయి. దింపే ముందు ఒక్కొక్క ట్యాంకునూ ఏరించాం. అయిదు ట్యాంకుల్లో కలిపి 5,800 దాకా వంకర పిల్ల తేలింది. కాస్త వంగినవాటిని ఇంటి వెనక గుంటలో వేసి ఊరి బజారుకు పెంచుకున్నారు, బాగా మెలిపడినవాటిని పూడ్చేశారు. షెడ్డులో పాత మేత ఇంకా ఇరవై ఆరు సంచులు మిగిలింది. పారేయాలా అని అడిగారు. ప్రోటీన్ బాగానే ఉంది, బూజు లేదు. నీళ్లు పచ్చగా ఉన్న చెరువులోని కిలో సైజు శీలావతికి పదిహేను రోజుల్లో వేసెయ్యమన్నాను, ఒక్క సంచి కూడా ట్యాంకుల వైపు వెళ్లకుండా. పెద్దాయన ఆ సంచులన్నిటి మీదా బొగ్గుతో పెద్ద గుండు సున్నాలు చుట్టి, చెరువు గట్టు మీదికి మోయించాడు.